ఇంటి ప్రింటరు పలుకనప్పుడు

కాగితము లేనిదే కర్షకునకు పని జరుగని కాలమిది. అప్పు తిరుగ వ్రాయించుకొనవలెనన్న 1-బి ప్రతి కావలెను, అడంగలు కావలెను, పాసుపుస్తకపు నకలు కావలెను. పూర్వము ఇవి యన్నియు కరణముగారి చేతివ్రాతపై నడచినవి. ఆ కరణీకము మన రాష్ట్రమున 1984లో రద్దయినది. 2015లో ‘మీభూమి’ వచ్చిన తరువాత భూమి లెక్కలను ఇంట కూర్చుండియే చూచుకొను వీలు కలిగినది. అయితే చూచుకొనుట వేఱు, చేత పట్టుకొనుట వేఱు గదా! తెరమీద కనబడిన దానిని కాగితముమీదికి దింపుటకై మనలో ననేకులు ప్రింటర్లు కొనిరి. 2020లో బడులు మూతపడినప్పుడు పిల్లల పాఠములకొఱకని కొన్నవారును కలరు.

మన పటమట 1985లో విజయవాడ నగరములో కలిసినది. అంతకు ముందు అది గ్రామము. నేటికిని ఇచ్చట కాపురముండి, బందరు రోడ్డు వెంబడి కంకిపాడు, ఉయ్యూరు వైపున సేద్యము చేయించుకొను కుటుంబములు కలవు. పొలము ఒకచోట, కాగితములు మఱియొకచోట. అట్టి యిండ్లలో ప్రింటరు కాటావలె నిత్యము పనికివచ్చు సాధనమైనది.

ఈ ప్రింటర్లలో పెక్కింటికి తీగతో పని లేదు. ఫోనునుండి గాని కంప్యూటరునుండి గాని మనమిచ్చు పని గాలిలోని వైఫై దారిననే వానికి చేరును. ఆ దారి తెగినప్పుడు ప్రింటరు పలుకదు. ‘ఆఫ్‌లైన్’ అను మాట తెరపై నిలుచును. అంతట మనము ప్రింటరు చెడినదని తలచెదము. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే. తఱచుగా చెడినది ప్రింటరు కాదు, దారి. శివారు పొలమునకు నీరు రానప్పుడు తూమునుండి బోదె వెంబడి నడచి చూచునట్లు ఈ దారినిగూడ వరుసగా చూచుకొని వచ్చినచో దోషము తానే బయటపడును.

మా యింట జరిగినది

గత జ్యేష్ఠమాసమున నొకనాటి సాయంకాలము పంట అప్పు పత్రములు తీయుటకు ప్రింటరు ముందు కూర్చుంటిని. మఱునాడు గడువునకు తుదిదినము. గడువు తప్పినచో సకాలమున చెల్లించువారికి లభించు వడ్డీ రాయితీ చేజారును. ఫోనులో 1-బి స్పష్టముగా కనబడుచున్నది. ప్రింటరుమీది దీపము మాత్రము ఆరుచు వెలుగుచు నున్నది, కాగితము కదలదు.

నేను చేసిన పనులు చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. సిరా డబ్బీలు ఊడదీసి తుడిచితిని. కంప్యూటరునుండి ప్రింటరు పేరు తొలగించి మరల చేర్చితిని. రూటరు వెనుక నున్న మీటలన్నియు నొక్కితిని. ఒకదాని ఫలితము చూడకముందే మఱియొకటి మార్చితిని. రాత్రి పదునొకండు గంటల వేళకు ఏది ముందుగా చెడినదో, ఏది నా చేతిలో చెడినదో తెలియని స్థితి వచ్చినది. కొత్త ప్రింటరు కొనుమని బావమఱది ఫోనులో సలహా చెప్పెను.

మఱునాటి యుదయము వీధిచివరి జిరాక్సు దుకాణమునకు పోయి, పత్రములను వాట్సాపులో పంపి ప్రతులు తీయించితిని. గడువు దక్కినది. కాని అచ్చటి కంప్యూటరు తెరమీద మా ఆధారు, మా పాసుపుస్తకము, ముక్కు మొగము తెలియని మఱి పదిమంది పత్రములు ఒకే వరుసలో నుండుట చూచి నా మనస్సు చివుక్కుమన్నది. దుకాణదారుడు మంచివాడే. ఆ పత్రములు అట్లే పడియుండుట మాత్రము మంచిది కాదు.

ఆదివారము మా మేనల్లుడు వచ్చినాడు. ప్రింటరును ముట్టుకొనలేదు. “మామయ్యా, ఈ మధ్య ఇంట నేమైన మార్చితిరా?” అని యడిగెను. ఏమియు లేదంటిని. మా ఇల్లాలు లోపలినుండి, “బుధవారము కొత్త రూటరు పెట్టి పోయిరి గదా!” అని జ్ఞాపకము చేసెను. కొత్త రూటరుతో వైఫై పేరు మారినది. ఫోనులకు కొత్త పేరు, కొత్త పాస్‌వర్డు మేమే యెక్కించితిమి. ప్రింటరు సంగతి ఎవరికిని తోచలేదు. అది పాపము నాలుగు దినములుగా లేని పేరునే వెదకుచున్నది. మేనల్లుడు కొత్త రూటరునకు పాత పేరే, పాత పాస్‌వర్డే పెట్టెను. ప్రింటరు దీపము నిలుకడగా వెలిగినది. అప్పటినుండి నే నీ విషయము తెలిసికొని వ్రాసికొన్నవానినే క్రింద పొందుపఱచుచున్నాను.

దారి యెట్టిది?

ఈ దారికి మూడు మజిలీలు. ఒక చివర ఫోను లేక కంప్యూటరు, మఱియొక చివర ప్రింటరు, నడుమ రూటరు. రూటరు మన యింటికి తూము వంటిది. బయటినుండి వచ్చు ఇంటర్నెట్టును ఇంటిలో పంచునదియు, ఇంటిలోని యంత్రములను ఒకదానితో నొకటి మాటలాడించునదియు అదియే. ఇవి రెండు వేర్వేరు పనులు. కావున బయటి ఇంటర్నెట్టు ఆగిపోయినను, ఇంటిలోనున్న పత్రమును ప్రింటరునకు పంపుట సాధారణముగా సాగును. బయటి కేబులు తెగినదని ప్రింటరు పనిని మానుకొననక్కఱలేదు.

తీగలేని వార్త మనకు కొత్త కాదు. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినది. 837 కిలోహెర్ట్జులపై వచ్చు దాని యల పొడవు సుమారు 358 మీటర్లు. అంతటి యల ఇంటి గోడలను లక్ష్యపెట్టదు. వైఫై అల యట్టిది కాదు. 2.4 గిగాహెర్ట్జుల అల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, అనగా జానెడులో సగము; 5 గిగాహెర్ట్జులది అందులోను సగము. అల చిన్నదైన కొలది గోడ దాటుట కష్టము. మన దేశమున 2.4 గిగాహెర్ట్జుల పట్టీని లైసెన్సు లేకుండ ఇంటింట వాడుకొనుటకు 2005లో అనుమతి వచ్చినది. అందుచేత ప్రక్క వాటాలోని రూటరు, బ్లూటూతు పరికరములు, మైక్రోవేవు పొయ్యి గూడ ఆ పట్టీలోనే తిరుగుచుండును. ఒకే కాలువపై పలువురి వంతులు పడినట్లే.

మొదట ప్రింటరునే పరీక్షింపుడు

ప్రింటరు మూత యెత్తి, గాజుపలకపై ఏదైన కాగితముంచి, జిరాక్సు మీట నొక్కుడు. ఈ పనికి వైఫైతో సంబంధము లేదు. నకలు చక్కగా వచ్చినచో సిరా, కాగితము, లోపలి చక్రములు బాగున్నవన్నమాట. దోషము దారిలోనిదే. నకలు రానిచో వైఫై మాట మఱచి, కాగితము ఇఱుకుట, సిరా ఎండుట మున్నగు వానిని చూడవలెను. ఈ యొక్క పరీక్ష చేసియుండినచో నేను సిరా డబ్బీలు ఊడదీయకపోయి యుందును.

యు.ఎస్.బి. తీగ ఇంట నున్నచో దానితో ప్రింటరును కంప్యూటరునకు తగిలించి చూడుడు. అట్లు ముద్రితమైనచో సందేహము పూర్తిగా తీఱును. గడువు తఱుముచున్న దినమున పనియు నెరవేఱును.

వరుసగా చూడవలసినవి

మొదటిది, ఆపి తిరుగ వెలిగించుట. దీనికి నొక క్రమము కలదు. ముందు రూటరును ఆపి, అరనిమిషము తాళి వెలిగింపుడు. దాని దీపములు కుదుటపడుటకు రెండు మూడు నిమిషములు పట్టును. అటుపిమ్మట ప్రింటరును, చివరకు కంప్యూటరును వెలిగింపుడు. ప్రింటరును ముందు వెలిగించినచో ఇంకను లేవని రూటరును వెదకి యలసిపోవును. తూము ఎత్తకముందే మడి కట్టిన నీరు వచ్చునా?

రెండవది, పేరు. ఫోను ఏ వైఫై పేరుపై నున్నదో ప్రింటరును ఆ పేరుపైననే యుండవలెను. కొన్ని యిండ్లలో చుట్టములకొఱకు ‘గెస్ట్’ అను వేఱు వైఫై యుండును. దానిపై చేరిన యంత్రములు ఒకదానినొకటి చూడకుండ రూటరే అడ్డుపెట్టును. ప్రింటరొక పేరుపైన, ఫోను గెస్టు పేరుపైన నున్నచో రెండింటికిని ఇంటర్నెట్టు వచ్చును గాని కాగితము మాత్రము రాదు. పాస్‌వర్డులో ఇంగ్లీషు పెద్దయక్షరములకును చిన్నయక్షరములకును భేదము కలదని మఱవరాదు.

మూడవది, పట్టీ. ఇంటి ప్రింటర్లలో చౌకరకములు పెక్కు 2.4 గిగాహెర్ట్జుల పట్టీనే యెఱుగును. కొత్త రూటర్లు 2.4, 5 రెండింటిని ఇచ్చును. ఆ రెండు పట్టీలకు వేర్వేరు పేర్లున్నచో ప్రింటరును 2.4 పేరుపై చేర్పవలెను. ఫోను 5 పేరుపై నున్నను సాధారణముగా చిక్కు లేదు. రూటరు రెండింటిని కలుపును. రెండు పట్టీలకు ఒకే పేరుండి ప్రింటరు చేరకున్నచో, రూటరు సెట్టింగులలో 5 పట్టీని కొంతసేపు ఆపి, ప్రింటరు చేరిన తరువాత మరల వెలిగింపవచ్చును.

నాల్గవది, స్థానము. ఇనుప బీరువా ప్రక్కను, నీటి తొట్టి చాటునను, మెట్లక్రింది గదిలోను పెట్టిన ప్రింటరునకు అల బలహీనముగా చేరును. ఇనుము అలను త్రిప్పికొట్టును. నీరు దానిని పీల్చుకొనును. స్లాబుకు పైన ప్రింటరు, క్రింద రూటరు ఉన్న యిండ్లలోను ఇదియే చిక్కు. దీనిని పరీక్షించుట సులభము. ప్రింటరును ఒక పూట రూటరున్న గదిలోనికే తెచ్చి చూడుడు. అచ్చట పలికినచో దోషము దూరముదే.

ఐదవది, చిరునామా. పట్టణమున ప్రతి యింటికి డోరునంబరున్నట్లు, రూటరు తన క్రింద చేరిన ప్రతి యంత్రమునకు నొక అంకె యిచ్చును. అది సామాన్యముగా 192.168 అని మొదలగును. అయితే ఈ నంబరు శాశ్వత పట్టా కాదు, కౌలు. కరెంటు పోయి వచ్చిన తరువాత ప్రింటరునకు వేఱొక నంబరు రావచ్చును. కంప్యూటరు మాత్రము పాత నంబరునకే పనిని పంపుచుండును. ఖాళీచేసిన యింటి తలుపు తట్టినట్లగును. నిన్న పలికిన ప్రింటరు నేడు పలుకకపోవుటకు ఇది యొక ముఖ్యకారణము.

దీనిని తెలిసికొనుటకు ప్రింటరుచేతనే నెట్‌వర్కు నివేదిక ముద్రింప జేయవచ్చును. ఏ మీట నొక్కవలెనో దానితో వచ్చిన పుస్తకములో నుండును. ఆ నివేదికలో వైఫై పేరు, చిరునామా రెండును కనబడును. చిరునామా 169.254 అని మొదలైనచో రూటరు దానికి నంబరే యీయలేదని, ప్రింటరు తనకు తానే యొకటి పెట్టుకొన్నదని యర్థము. అప్పుడు మొదటి, రెండవ మెట్లకు మరలిపోవలెను. నంబరు సరిగానే యుండి కంప్యూటరునకు మాత్రము తెలియకున్నచో, కంప్యూటరునుండి ప్రింటరును తొలగించి మరల చేర్చిన చాలును. శాశ్వతమైన మందు వేఱొకటి కలదు. రూటరు సెట్టింగులలో ఈ ప్రింటరునకు ఈ నంబరే యని రిజర్వు చేయుట. కౌలు నంబరు స్వంత నంబరగును.

ఆఱవది, కంప్యూటరు లోపల. ముందు పంపిన పని యొకటి వరుసలో చిక్కుకొన్నచో వెనుకటివన్నియు ఆగును. బోదెకు గుఱ్ఱపుడెక్క అడ్డుపడినట్లే. ఆ వరుసను తెఱచి, ఆగినవానిని తొలగించి, కంప్యూటరును తిరుగ వెలిగింపవలెను. విండోసులో ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ అను నొక గుర్తు పొరపాటున పడియుండవచ్చును, దానిని తీసివేయవలెను. ఒకే ప్రింటరు పేరు రెండుమాఱులు కనబడినచో వానిలో నొకటి పాతది. దానికి పంపిన పని యెన్నటికిని రాదు. ఇంటినుండి కంపెనీ పని చేయు పిల్లల కంప్యూటరులో వి.పి.ఎన్. నడచుచున్నచో అది యింటి ప్రింటరును కనబడనీయకపోవచ్చును. దానిని ఆపి చూడవలెను.

ఏడవది, తాళము. వైఫైకి వేయు రక్షణలో డబ్ల్యు.పి.ఎ.3 అనునది 2018లో వచ్చినది. అంతకు ముందటి ప్రింటర్లకు ఆ తాళము తీయుట తెలియదు. కొత్త రూటరులో ఆ యొక్క తాళమే వేసియున్నచో పాత ప్రింటరు వాకిటనే నిలుచును. డబ్ల్యు.పి.ఎ.2, 3 రెండును కలిసిన పద్ధతిని ఎన్నుకొన్నచో రెండు తరములవారికిని ప్రవేశము దొరకును. కొన్ని ప్రింటర్లు ఆ కలిసిన పద్ధతియందును తడబడును, అప్పుడు డబ్ల్యు.పి.ఎ.2 ఒక్కదానినే యుంచి చూడవలెను. ప్రింటరు చేరుటకని తాళమే తీసివేయుట మాత్రము ఎన్నడును తగదు.

ఇవి యన్నియు చూచినను ఫలింపకున్న తరువాతనే, చివరి మెట్టుగా, ప్రింటరు నెట్‌వర్కు సెట్టింగులను చెఱిపి కొత్తగా చేర్పవలెను. రూటరుమీద ‘డబ్ల్యు.పి.ఎస్.’ మీట యున్నచో, దానిని, ప్రింటరు వైఫై మీటను రెండు నిమిషములలోపల నొక్కిన పాస్‌వర్డు లేకుండనే చేరును. ఆ గడువు దాటినచో తలుపు మూసికొనును, మరల మొదలుపెట్టవలెను. అదే డబ్ల్యు.పి.ఎస్.లో మీటకు బదులు అంకెలు కొట్టు పద్ధతియు కలదు. అందులోని లోపము 2011లోనే వెల్లడియైనది గనుక దానిని మూసియుంచుట మేలు.

ఈ మెట్లన్నిటికిని నియమమొక్కటే. ఒకమాఱు ఒక్కటి మాత్రమే మార్చి, ఫలితము చూచి, తరువాతి దానికి పోవలెను. నాలుగు తూములు ఒక్కసారి త్రిప్పిన వానికి ఏ తూమున నీరు వచ్చినదో తెలియదు. ఆ రాత్రి నేను చేసిన తప్పిదమదియే.

మోసగాండ్రున్నారు జాగ్రత్త

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి యున్నది. ప్రింటరు పలుకనప్పుడు కొందఱు ఇంటర్నెట్టులో సహాయకేంద్రపు నంబరు వెదకి, మొదట కనబడిన దానికి ఫోను చేయుదురు. అట్టి నంబరులలో దొంగవి కలవు. అవతలివాడు మర్యాదగా మాటలాడి, ఒక యాప్ ఎక్కింపుమని చెప్పి, మన తెరను తాను చూచును. పిదప కొద్దిపాటి రుసుమనియో, ఓ.టి.పి. చెప్పుమనియో అడుగును. చెప్పిన వెంటనే బ్యాంకు ఖాతా ఖాళీయగును. ధాన్యము డబ్బు పడిన వారములో ఇట్టిది జరిగినచో సంవత్సరపు కష్టము నిమిషములో పోవును.

కావున కంపెనీ నంబరు కావలసినప్పుడు ప్రింటరుతో వచ్చిన పెట్టెమీదను, పుస్తకములోను ముద్రించినదానినే వాడుకొనుడు. తెఱను చూపుమన్న వానికి తెఱ చూపకుడు. ఓ.టి.పి. ఎవ్వరికిని చెప్పకుడు. పొరపాటున సొమ్ము పోయినచో సిగ్గుపడి యూరకుండక, తక్షణమే 1930 అను జాతీయ సైబరు నేర సహాయ నంబరునకు ఫోను చేయుడు. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును దారిలో నిలుపుటకు అంత యవకాశము.

దుకాణమున ప్రతులు తీయించుకొనుట తప్పని దినములు వచ్చును. అట్టివేళ మన పత్రములను అచ్చటి కంప్యూటరునుండి మన యెదుటనే తొలగింపుమని కోరుడు. ఇది యవమానింపుట కాదు. ఎవరి కాగితము వారిది.

ఒక చిన్న సూచన

భారత ప్రభుత్వము 2022 జూను నెలలో 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరు పద్ధతిలోనికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. కావున కంప్యూటరు, ప్రింటరు సంఘ కార్యాలయములకును నిత్యావసరములగుచున్నవి. అచ్చటను ప్రింటరు పలుకనినాడు గుమాస్తా ముందు సభ్యులు వరుసలో నిలిచియుందురు. ఇంటికి చెప్పిన క్రమమే సంఘమునకును చెల్లును.

సంఘమునకు తీర్మానముల పుస్తకమున్నట్లు, ప్రతి యింట ఒక చిన్న మార్పుల పుస్తకము పెట్టుకొనవలెనని నా మనవి. రూటరు ఏనాడు మార్చిరి, వైఫై పేరేమి, ప్రింటరు నంబరేమి, ఏ దోషమునకు ఏ మందు పనిచేసినది అని నాలుగు పంక్తులు వ్రాసియుంచిన చాలును. పాస్‌వర్డును మాత్రము ప్రింటరుపై నంటింపక, ఇంటి పత్రముల పెట్టెలో దాచుకొనుడు. బుధవారము కొత్త రూటరు వచ్చినదను నొక్క పంక్తి నా యొద్ద వ్రాసియుండినచో ఆ రాత్రి నిద్రయు, మఱునాటి పరుగును తప్పియుండును.

మా ప్రింటరు ఇప్పుడును అదే మూలనున్నది. బావమఱది చెప్పిన కొత్తది కొనలేదు. సభ్యులెవరైనను కొత్తది కొనుటకు బయలుదేఱకముందు, ఇంట ఈ మధ్య నేమి మారినదని ఒక్కమాఱు విచారించుకొందురుగాక. తూమును చూడక పొలమును నిందించు రైతు మన డెల్టాలో లేడు. ప్రింటరు విషయమునను అంతే జాగ్రత్త వహింతముగాక.